సందేహాలు – సమాధానాలు: దెబ్బ తగిలిన గంట నుంచే లెక్క

ప్లాస్టిక్ సర్జరీ అనగానే చాలామందికి సినిమా తారల ముక్కులు గుర్తొస్తాయి. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మాత్రం తారలు తక్కువ. ప్రెస్సులో నలిగిన వేళ్లు, బండి కింద పడ్డ కాళ్లు, గంజి ఒలికి కాలిన చేతులు ఎక్కువ. ఈసారి ఉప్పల్, నాచారం, మల్లాపూర్, బోడుప్పల్ వైపు నుంచి రాసినవాళ్లంతా ఏదో ఒక రూపంలో అడిగింది ఒకటే: ఆసుపత్రిలో ఎప్పుడు చేరాలి, ఆలస్యమైతే ఏమవుతుంది, ఖర్చు ఎంత పెరుగుతుంది? అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బామ్మర్ది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పవర్ ప్రెస్ మీద పనిచేస్తాడు. పోయిన నెల రాత్రి షిఫ్టులో కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు తెగిపోయాయి. తోటివాళ్లు వేళ్లను ఐస్ డబ్బాలో వేసుకుని తీసుకుపోయారు. మొదటి దవాఖానలో కట్టు కట్టి పంపించారు. రెండో దాంట్లో ప్లాస్టిక్ సర్జన్ లేరన్నారు. మూడో దాంట్లో చేరేసరికి తెల్లారింది. వేళ్లు పనికిరావన్నారు. వేళ్లు చేతిలో ఉండి కూడా ఎందుకు అతికించలేకపోయారు? మేం చేసిన తప్పేమిటి?
– ఒక పాఠకుడు, నాచారం

జవాబు: తప్పని మీరు బాధపడకండి. ఆ పూట ఎవరున్నా అదే చేసేవారు, ఎందుకంటే ఫ్యాక్టరీ గోడల మీద ‘భద్రతే ముఖ్యం’ అని రాస్తారు గానీ తెగిన వేలును ఏం చేయాలో ఎవరూ రాయరు.

వేలు అతికించడమంటే ఎముకకు తీగ వేసి చర్మం కుట్టేయడం కాదు. వేలికి ప్రాణం పోసేవి ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండీ ఉండని రక్తనాళాలు. వాటిని మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో కలపాలి. ఐస్ నేరుగా తగిలితే ఆ నాళాల గోడలు గడ్డకట్టి దెబ్బతింటాయి. కలిపినా రక్తం పారదు. పైగా ప్రెస్ కత్తిలా కోయదు, నలిపేస్తుంది. నలిగిన వేలును ఎంత త్వరగా తెచ్చినా ఒక్కోసారి అతికించలేం. మీ వాళ్ల విషయంలో ఏది ఎంత పని చేసిందో చూడకుండా నేను చెప్పలేను.

వేలిలో కండ ఉండదు, కాబట్టి కొంచెం ఓర్చుకుంటుంది. మామూలు వేడిలో ఉంటే దాదాపు 12 గంటలు, సరిగ్గా చల్లగా ఉంచితే 24 గంటల వరకూ ప్రయత్నించవచ్చు. అదే మణికట్టుకు పైన తెగితే కండ ఉంటుంది. అప్పుడు బయటి వేడిలో ఆరు గంటలు దాటితే కష్టం. చెయ్యి మొత్తం తెగినవాడికి దారిలో పోయే ప్రతి గంటా లెక్కే.

మీ షాపులో తోటివాళ్లకు ఇది చదివి వినిపించండి. తెగిన ముక్క మీద మట్టి, గ్రీజు ఉంటే సెలైన్‌తో పైపైన కడగండి, రుద్దొద్దు. తడిపి పిండిన శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, నీళ్లు లోపలికి పోకుండా మూతి ముడి వేయండి. ఆ కవర్‌ను ఐసూ నీళ్లూ కలిపిన డబ్బాలో ఉంచండి. అంటే వేలు చల్లగా ఉండాలి, కానీ ఐసుగానీ నీళ్లుగానీ దానికి తగలకూడదు. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. రబ్బరుతోనో కరెంటు వైరుతోనో బిగించి కట్టొద్దు. చర్మం చివర వేలాడుతున్న ముక్కను ‘ఎలాగూ పోయిందిగా’ అని కోసేయొద్దు, ఆ కాస్త చర్మంలోనే ఒక నాళం బతికి ఉండొచ్చు. ధైర్యం కోసమని చాయ్ పట్టించొద్దు. కడుపులో ఏమైనా ఉంటే మత్తు ఇవ్వడానికి ఇంకో ఆరు గంటలు ఆగాల్సి వస్తుంది.

ఆసుపత్రికి బయల్దేరే ముందు ఒక్క ఫోన్ చేయాలి. ‘ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారా’ అని కాదు అడగాల్సింది. బోర్డు మీద పేరు ఎక్కడైనా ఉంటుంది. ‘ఈ రాత్రికి మైక్రోస్కోప్ కింద వేలు అతికించగలిగే సర్జన్, మత్తు డాక్టరు వస్తారా’ అని అడగండి. లేరంటే అక్కడ ఆగొద్దు. మీ బామ్మర్దికి వేళ్లు పోవడంలో ప్రెస్సుకు ఎంత వాటా ఉందో, మూడు గేట్ల ముందు ఆగడానికీ అంత వాటా ఉండే అవకాశం ఉంది.

ఇక డబ్బు సంగతి. జీతం నెలకు 21 వేల లోపు అయితే ఆయనకు ఈఎస్ఐ ఉండాలి. ఆయన జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. పనిలో దెబ్బ తగిలితే ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు జరిగినా వర్తిస్తుంది. నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, పెద్ద వైద్యానికి అక్కడి నుంచి రిఫరల్ ఇస్తారు. పనికి పోలేని రోజులకు వేతనంలో సుమారు 90 శాతం వస్తుంది. ఇదంతా యజమాని ప్రమాద నివేదిక పంపితేనే కదులుతుంది. ‘పేపర్లు ఎందుకు, నేనే చూసుకుంటా’ అని చేతిలో కొంత డబ్బు పెట్టే యజమానులు ఉంటారు. ఒప్పుకోవద్దు. వేళ్లు పోయినందుకు మెడికల్ బోర్డు శాశ్వత వైకల్యం లెక్కగట్టి బతికినంత కాలం ఇచ్చే భత్యం ఉంది. చట్టం పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం, మధ్యవేలు మొత్తం పోతే 12 శాతం. వేలికి ఖరీదు కట్టే ఆ పట్టిక నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే అనిపిస్తుంది. అయినా రావాల్సింది వదులుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి వయసు 24. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు బండి మీద వెళ్తుంటే లారీ తగిలింది. మోకాలి కింద ఎముక విరిగి బయటికి వచ్చింది. దగ్గర్లోని నర్సింగ్ హోంలో బయట రాడ్లు బిగించారు. ముందువైపు అరచేయంత చోట చర్మం లేదు, లోపల తెల్లగా ఎముక కనపడుతోంది. రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నారు. ఎర్ర కండ రావాలి, మూడు వారాలయ్యాక ప్లాస్టిక్ సర్జన్‌ను పిలుస్తాం అంటున్నారు. ఇప్పటికి 11 రోజులైంది. బిల్లు చూస్తే గుండె ఆగిపోతోంది. ఆగమంటారా?
– ఒక తండ్రి, బోడుప్పల్

జవాబు: ఆగొద్దు. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా కూడా ఆగొద్దని మీకు విడిగా కబురు పంపాను. మిగతావారి కోసం వివరంగా రాస్తున్నాను.

కండ ఉన్నచోట ఎర్ర కండ పుడుతుంది. పైపొర ఊడిపోయిన బోడి ఎముక మీద ఎన్ని డ్రెస్సింగులు చేసినా పుట్టదు. ఎముక ఎండుతుంది, చీము పడుతుంది, చచ్చిన ముక్కను తీసేయాల్సి వస్తుంది. అలాంటి ఎముక మీద వట్టి చర్మం అతికించినా పట్టదు. రక్తనాళాలతో సహా కండో చర్మమో తెచ్చి కప్పాలి. దాన్నే మేం ఫ్లాప్ అంటాం. ప్రశ్న ఎప్పుడన్నదే.

దీనికి జవాబు మార్కో గోడినా అనే సర్జన్ 1986లోనే చెప్పాడు. అప్పటి యుగోస్లావియాలోని ల్యుబ్లియానాలో 532 మంది కాళ్లూ చేతుల గాయాలను ఎప్పుడు కప్పారన్నదాన్ని బట్టి మూడు గుంపులుగా విడదీసి లెక్క తీశాడు. 72 గంటల్లోపు కప్పినవారిలో ఫ్లాప్ చెడిపోయింది నూటికి ఒక్కరి కన్నా తక్కువ. 72 గంటల తర్వాత, మూడు నెలల్లోపు కప్పినవారిలో నూటికి 12 మంది. చీము పట్టినవారు మొదటి గుంపులో 1.5 శాతం, రెండో గుంపులో 17.5 శాతం. మీరు అడిగిన ఖర్చు సంగతి కూడా ఆ పట్టికలోనే ఉంది. ఆసుపత్రిలో గడిపిన రోజులు సగటున మొదటి గుంపుకు 27, రెండో గుంపుకు 130, మూడు నెలలు దాటాక చేయించుకున్నవారికి 256. మత్తు ఇచ్చి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లింది సగటున 1.3 సార్లు, 4.1 సార్లు, 7.8 సార్లు. ఎముక అతకడానికి పట్టింది దాదాపు ఏడు నెలలు, పన్నెండు నెలలు, ఇరవై తొమ్మిది నెలలు. మన కార్పొరేట్ ఆసుపత్రి గది అద్దెతో ఆ రోజుల్ని మీరే హెచ్చవేసి చూసుకోండి. ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి గోడినా లేడు. నలభైల్లోనే, కారు ప్రమాదంలో పోయాడు.

అప్పటికీ ఇప్పటికీ యాంటీబయాటిక్‌లు మారాయి, గాయం మీద స్పాంజి పెట్టి గాలి లాగే వ్యాక్యూమ్ డ్రెస్సింగ్ వచ్చింది. ఇప్పుడు వారం పది రోజులకు చేసినా మంచి ఫలితాలే వస్తున్నాయి. అయినా దారి మారలేదు: మొదటి రోజే ఎముకల డాక్టరూ ప్లాస్టిక్ సర్జనూ కలిసి గాయాన్ని చూడాలి, చచ్చిన కండను పూర్తిగా తీసేయాలి, వీలైనంత త్వరగా కప్పాలి. తమిళనాడులో కోయంబత్తూరు గంగా హాస్పిటల్ ఈ పద్ధతికి ప్రపంచంలోనే పేరుపడింది. ఇలాంటి కాలును నిలబెట్టగలమా లేదా అని తేల్చే ఒక స్కోరు కూడా వాళ్ల పేరు మీదే ఉంది. అంత దూరం పోనక్కర్లేదు. నిమ్స్, గాంధీ, ఉస్మానియాల్లో రెండు విభాగాలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ప్రైవేటులో అయితే రెండు విభాగాలూ ఉన్నచోటే చేర్పించాలి.

మీరు చేయాల్సింది ఇది. 11 రోజులైపోయిందని నిరాశ పడకండి, 12వ రోజు 20వ రోజు కన్నా మేలే. ‘మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం’ అన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు రిఫరల్ లెటర్ అడగండి. ఎక్స్‌రేలు, చీము పరీక్ష రిపోర్టు, ఇచ్చిన మందుల చీటీ, ఆపరేషన్ నోట్స్ తీసుకోండి. అబ్బాయికి సిగరెట్ అలవాటుంటే ఈ రోజే మాన్పించండి. స్నేహితులు బాత్రూంలో రహస్యంగా తాగించే ఒక్క సిగరెట్ నాళాన్ని బిగించి ఫ్లాప్‌ను చంపగలదు. గుట్కాకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకో మాట. 2025 మే 5 నుంచి కేంద్రం తెచ్చిన పథకం కింద మోటారు వాహన ప్రమాదంలో దెబ్బతిన్నవారికి, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకూ లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. జాగ్రత్తగా గమనించండి: 72 గంటల్లో ఫ్లాప్ వేస్తే అది ఆ ఏడు రోజుల్లో పడుతుంది. మూడు వారాలకు వేస్తే మొత్తం మీ జేబులోంచే. మీకు ఆ గడువు దాటిపోయింది కాబట్టి రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ అడగండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. కొత్త ఆసుపత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందా, ఉన్నా ప్లాస్టిక్ సర్జరీకి ఉందా అన్నది చేరకముందే ఆరోగ్యమిత్రను కనుక్కోండి. చేరి, అడ్వాన్స్ కట్టాక మార్చుకోవడం తలనొప్పి.

ప్రశ్న: మా పాప వయసు రెండేళ్లు. మొన్న గంజి గిన్నె మీద పడి ఛాతీ, చెయ్యి కాలాయి. మా అత్తగారు వెంటనే టూత్‌పేస్టు రాశారు. దగ్గర్లోని డాక్టరు ఆయింట్‌మెంట్ ఇచ్చి ‘రెండు వారాల్లో తేలుతుంది, అప్పుడు చూద్దాం’ అన్నారు. కాలిన గాయాలకు వెంటనే ఆపరేషన్ చేస్తే మచ్చ పడదని బంధువు ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, హెచ్ఎంటీ నగర్

జవాబు: అమ్మా, ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. పాప చర్మం ఎంత మేర కాలిందన్నది ముందు తేలాలి. పాప అరచెయ్యి, వేళ్లతో సహా, ఆమె ఒంట్లో సుమారు ఒక శాతం. అలాంటివి పది అరచేతుల మేర కాలితే పిల్లలను తప్పకుండా చేర్చుకుని సెలైన్ ఎక్కించాలి. పెద్దలకైతే 15. ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాల మీద కాలితే అంతకన్నా తక్కువైనా చూపించాలి.

సెలైన్ లెక్క చూస్తే చేరిక సమయం ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. పార్క్‌లాండ్ సూత్రమని ఒకటుంది. శరీర బరువు కిలోల్లో, కాలిన శాతం, ఈ రెంటినీ హెచ్చవేసి మళ్లీ నాలుగుతో హెచ్చవేస్తే మొదటి 24 గంటల్లో ఎక్కించాల్సిన మిల్లీలీటర్లు వస్తాయి. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లో ఎక్కాలి. 50 కిలోల మనిషి 30 శాతం కాలితే మొత్తం ఆరు లీటర్లు, మొదటి ఎనిమిది గంటల్లో మూడు. ఆ ఎనిమిది గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, ఆసుపత్రి రిజిస్టర్లో పేరు రాసిన సమయం నుంచి కాదు. నాలుగు గంటలు ఆలస్యంగా తెస్తే ఆ మూడు లీటర్లూ మిగిలిన నాలుగు గంటల్లోనే ఎక్కించాలి. మూత్రపిండాలు దెబ్బతిని బిల్లు ఐసీయూ వైపు తిరిగేది ఎక్కువగా ఇక్కడే. అందుకే కాలిన టైము గుర్తుపెట్టుకుని చెప్పండి. ‘పొద్దున’ అంటే చాలదు. పిల్లల లెక్కలో ఇంకొన్ని మార్పులుంటాయి, అది డాక్టరు చూసుకుంటారు.

ఆపరేషన్ విషయానికొస్తే, మంట అంటుకుని చర్మం మొత్తం మందాన కాలిందని తెలిసిపోతే మొదటి వారంలోనే కాలిన పొరను తీసి కొత్త చర్మం వేయడం మంచిది. మచ్చ అసలే పడదని కాదు, తక్కువ పడుతుంది, ఆసుపత్రి రోజులూ తగ్గుతాయి. 1970లో ఈ పద్ధతిని లోకానికి చాటింది జోరా యాంజెకోవిచ్ అనే ఆమె, స్లొవేనియాలోని మారిబోర్‌లో. పైన చెప్పిన గోడినాదీ ఆ స్లొవేనియానే. మన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా జనాభా కన్నా తక్కువ జనమున్న దేశం కాలిన గాయానికీ విరిగిన కాలికీ గడువు నేర్పింది! కానీ గంజి, టీ, సాంబారు పడి కాలిన పిల్లల్లో లోతు మొదటి రోజుల్లో తెలియదు. చాలావరకూ వాటంతట అవే మానతాయి. అందుకే పది నుంచి పద్నాలుగు రోజులు జాగ్రత్తగా చూడటం సరైన వైద్యమే. మీ డాక్టరు చెప్పింది అదే. షరతేమిటంటే ‘చూడటం’ ఇంట్లో కూర్చుని కాదు, కాలిన గాయాలు తెలిసిన సర్జన్ రెండు మూడు రోజులకోసారి చూడాలి. మూడు వారాల్లో మానదని అనుమానం వస్తే అప్పుడు చర్మం వేయాలి. మూడు వారాలు దాటి మానిన గాయం గట్టిపడి, ఉబ్బి, చంక దగ్గర చెయ్యి ఎత్తనివ్వకుండా పట్టేస్తుంది. తర్వాత ఏళ్ల తరబడి ఆపరేషన్లు.

టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏదీ వద్దు. కుళాయి కింద పారే నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. మొదటి మూడు గంటల్లో ఎప్పుడు చేసినా ఎంతో కొంత మేలే. ఐస్ మాత్రం వద్దు. అత్తగారిని ఏమీ అనకండి, ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఉస్మానియా, గాంధీల్లో కాలిన గాయాల వార్డులున్నాయి. ఉస్మానియాలో 2021 నుంచి చర్మ నిధి కూడా ఉంది.

ప్రశ్న: బండి మీద నుంచి పడి గడ్డం మీద కుట్లు పడ్డాయి. నాలుగు నెలలైంది, మచ్చ ఎర్రగా ఉంది. మాఘంలో నా పెళ్లి. అప్పటికి ఇంకో మూడు నెలల టైముంది. ఈలోగా ప్లాస్టిక్ సర్జరీతో మచ్చ తీయించేయాలని అమ్మ పట్టుదల. పుష్యం శూన్యమాసం కాబట్టి అంతకు ముందే చేయించాలంటోంది. ఎండాకాలం అయితే చీము పడుతుందట. ఏం చేయాలి?
– పెళ్లికూతురు, రామంతాపూర్

జవాబు: పెళ్లికి ముందు వద్దు. శూన్యమాసం వల్ల కాదు, మచ్చ వయసు వల్ల. మచ్చ పక్వానికి రావడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. నాలుగు నెలలకు ఎర్రగా ఉండటం సహజం. ఇప్పుడు కోసి మళ్లీ కుడితే కొత్త మచ్చ సరిగ్గా పెళ్లినాటికి అన్నిటికన్నా ఎర్రగా ఉంటుంది. ఎర్రబడ్డ కొత్త మచ్చ కన్నా ఏడు నెలల పాత మచ్చను మేకప్‌తో కప్పడం తేలిక. ఈలోగా సిలికాన్ జెల్, ఎండలో సన్‌స్క్రీన్, వేలితో మెల్లగా మర్దన. పెళ్లయి ఏడాది నిండాక చూపించుకుంటే సగం మంది ‘ఇక అక్కర్లేదు’ అంటారు. అదే ఎక్కువ ఖర్చు తప్పించే ఆపరేషన్.

ఎండాకాలం గురించి మీ అమ్మగారి భయం ఆపరేషన్ గదుల్లో ఏసీలు లేని రోజుల నాటిది. ఇప్పుడు దాని కోసం ఆపరేషన్ ఆపుకోనక్కర్లేదు. ముహూర్తం సంగతి మాత్రం నేను ఎదురుచెప్పను. తొందర లేని ఆపరేషన్‌కు మనసు కుదిరిన రోజు ఎంచుకుంటే పోయేదేమీ లేదు. తెగిన వేలికీ విరిగిన కాలికీ మాత్రం వర్జ్యం చూడొద్దు.

డబ్బు గురించి అడగలేదు కానీ చెబుతున్నాను. అందం కోసం చేసే సర్జరీకి బీమా పాలసీలు డబ్బు ఇవ్వవు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణానికి మాత్రం మినహాయింపు ఉంది. జీఎస్టీలోనూ దాదాపు అదే గీత. కాబట్టి ప్రమాదం రోజు కుట్లు వేసిన ఆసుపత్రి కాగితాన్ని పారేయొద్దు. రేపు ఎప్పుడైనా మచ్చ సరిచేయించుకుంటే ఇది ప్రమాదపు మచ్చ అని చెప్పేది అదొక్కటే.

ప్రశ్న: మా ఆవిడకు పాత కాలిన గాయం వల్ల మోచెయ్యి ముడుచుకుపోయింది. మంగళవారం ఆపరేషన్. ఆదివారం సాయంత్రమే వచ్చి చేరమంటున్నారు. పరీక్షలు చేయాలట. మాకు కంపెనీ బీమా ఉంది, గది అద్దె పరిమితి రోజుకు 5,000. వాళ్లు 8,000 గది ఇస్తామంటున్నారు. డిశ్చార్జి అనుకున్న రోజు అమావాస్య పడుతోంది, ఇంకో రోజు ఉంటే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: రెండు రాత్రులు ముందు చేరాల్సిన అవసరం ఎక్కువమందికి ఉండదు. షుగర్ అదుపులో లేకపోతేనో, గుండె జబ్బు ఉంటేనో, రక్తం పలచబడే మందు మార్చాలన్నప్పుడో డాక్టరు ముందు చేర్చుకుంటారు. అలాంటిదేమీ లేకపోతే పరీక్షలు ఓపీలో చేయించుకుని, మంగళవారం తెల్లవారుజామునో, మహా అయితే సోమవారం సాయంత్రమో చేరితే చాలు. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో ఎక్కువ రోజులుంటే అక్కడి మొండి క్రిములు ఒంటి మీద స్థిరపడే అవకాశం ఎక్కువ. అంటే ఆదా అయ్యేది డబ్బు ఒక్కటే కాదు. చేరికకు ముందు పరీక్షల ఖర్చును చాలా పాలసీలు 30 నుంచి 60 రోజుల వెనక్కి కూడా ఇస్తాయి. బిల్లులు దాచుకోండి. ‘ఆదివారమే ఎందుకు?’ అని సర్జన్‌నే అడగండి, కౌంటర్లో కాదు. కౌంటర్‌వాళ్లకు ఖాళీ మంచం కనపడుతుంది, మీ ఆవిడ మోచెయ్యి కనపడదు.

గది విషయంలో మీరు మూడు వేలే తేడా అనుకుంటున్నారు. కాదు. పాలసీలో దామాషా కోత షరతు ఉంటే సర్జన్ ఫీజు, ఆపరేషన్ గది, నర్సింగ్ లాంటి చార్జీలన్నీ ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. అవి 1,60,000 అయ్యాయనుకోండి, బీమా ఇచ్చేది లక్ష, మిగతా 60 వేలు మీవి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు ఈ కోతలోకి రావు. ఐసీయూ కాని గది అద్దె రోజుకు ఐదు వేలు దాటితే దాని మీద జీఎస్టీ వేరే. ఐదు వేల గదిలోనే చేరండి. ఆ గదులు లేవంటే మంగళవారం ఉదయానికి ఖాళీ అవుతాయేమో అడగండి. ఆపరేషన్ వారం వాయిదా పడ్డా పాత ముడతకు నష్టమేమీ లేదు.

ముందే నిర్ణయమైన ఆపరేషన్ కాబట్టి కనీసం 48 గంటల ముందు బీమా కంపెనీకి చెప్పండి. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో తేల్చాలి. మూడు గంటలు దాటి పడే అదనపు అద్దె కంపెనీదే. ‘అప్రూవల్ రాలేదు’ అని సాయంత్రం దాకా కూర్చోబెడితే ఈ మాట గుర్తుచేయండి, గొంతు పెంచక్కర్లేదు.

అమావాస్య నాటి అద్దె మాత్రం ఏ కంపెనీ ఇవ్వదు. డిశ్చార్జి రాసిన తర్వాత ఉన్న ప్రతి రోజూ మీ ఖర్చే. మీకు పట్టింపు ఉంటే ఆపరేషన్ తేదీనే రెండు రోజులు జరుపుకోండి. చేతి ముడత విడదీశాక అసలు ఖర్చు ఆసుపత్రి గదిలో ఉండదు, తర్వాత నెలల తరబడి కట్టు బద్దలు, ఫిజియోథెరపీలో ఉంటుంది. గదికి ఎక్కువ పెట్టి వాటిని మానేసినవాళ్ల చెయ్యి మళ్లీ ముడుచుకుంటుంది. ఆ డబ్బు అటు పెట్టండి.

ప్రశ్న: క్రికెట్ ఆడుతుంటే బంతి తగిలి ముక్కు వాచింది. నాలుగు రోజులైంది. వంకర పోయిందేమో అనిపిస్తోంది, వాపులో తెలియట్లేదు. వాపు తగ్గాక నెల రోజులకు చూపించుకోవచ్చా?
– ఒక విద్యార్థి, హబ్సిగూడ

జవాబు: నెల ఆగితే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. ముక్కు ఎముకను సరిచేయడానికి వారం పది రోజుల్లోపు మంచి సమయం. వాపు కాస్త తగ్గే ఐదో రోజు నుంచి అయితే ఇంకా సులువు. చిన్న మత్తుతో కొద్ది నిమిషాల పని. దాటిపోతే కనీసం ఆరు నెలలు ఆగి పూర్తి ముక్కు ఆపరేషన్ చేయించుకోవాలి, ఖర్చూ నొప్పీ అన్నీ ఎక్కువే. అయితే ఒక పని ఈ రోజే చేయాలి: ముక్కు లోపలి గోడకు రెండు వైపులా రక్తం గడ్డకట్టి ఉబ్బిందేమో చెవి–ముక్కు–గొంతు డాక్టరుకు చూపించు. రెండు రంధ్రాలూ మూసుకుపోయి నొప్పి పెరుగుతుంటే అదే కావచ్చు. దాన్ని వదిలేస్తే లోపలి మెత్తటి ఎముక కరిగి ముక్కు కూర్చుంటుంది.

ప్రశ్న: వీధికుక్క మా బాబు చెంప కరిచింది. మచ్చ పడకుండా వెంటనే ప్లాస్టిక్ సర్జన్‌తో కుట్లు వేయించాలా?
– ఒక పాఠకురాలు, మల్లాపూర్

జవాబు: కుట్ల కన్నా ముందు సబ్బు నీళ్లు. పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. ఆ తర్వాత టీకా, దాంతోపాటు గాయంలోకే ఇమ్యునోగ్లోబ్యులిన్. అది ఎక్కించకుండా కుట్లు వేస్తే విషక్రిమిని లోపల మూసినట్టే. అది అయ్యాక ముఖం మీది పెద్ద గాయాన్ని వదులుగా దగ్గరికి చేరుస్తాం. మిగతా ఒంటి మీదైతే అదీ ఆలస్యం చేస్తాం. నారాయణగూడ ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి కుక్కకాటుకు తెలిసిన చోట్లు. మచ్చ సంగతి ఏడాది తర్వాత.

ప్రశ్న: మా మనవడికి పుట్టుకతోనే గ్రహణం మొర్రి. నెల రోజులైంది. అంగుడు కూడా చీలింది. అయిదేళ్లు వచ్చాక ఆపరేషన్ చేయించమని మా ఊళ్లో అందరూ అంటున్నారు. పాలు సరిగా తాగట్లేదు.
– ఒక అమ్మమ్మ, పీర్జాదిగూడ

జవాబు: అయిదేళ్లు ఆగితే పెదవి కుదురుతుంది గానీ మాట కుదరదు. పిల్లలు మాట నేర్చేది అంగుడుతో కదా, అందుకే అంగుడు తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య మూయాలి. పెదవి మూడు నెలలకు. అప్పటికి బిడ్డ పది పౌన్లు, అంటే నాలుగున్నర కిలోలు ఉండాలి, రక్తం పది గ్రాములు ఉండాలి. మీ మనవడికి ఇప్పుడు అసలు పని బరువు పెరగడం. తల ఎత్తి కూర్చోబెట్టినట్టు పట్టుకుని, తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టండి. మధ్య మధ్య భుజాన వేసుకుని త్రేన్పించండి. పడుకోబెట్టి పట్టొద్దు, చెవిలోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ వైద్యం ఉచితం. అంగన్‌వాడీ టీచర్‌కో ఆశా కార్యకర్తకో చెబితే పేరు రాయిస్తారు. ఆపరేషన్‌కు టైముంది కదా అని ఆగకుండా ఈ వారమే ఒకసారి సర్జన్‌కు చూపించండి, తేదీ ముందే దొరుకుతుంది. గ్రహణం రోజు ఏం కోశావని మీ అమ్మాయిని ఎవరూ అడగకుండా చూసుకోండి. వచ్చేటప్పుడు పుట్టినప్పటి బరువు రాసిన చీటీ, టీకాల కార్డు తెచ్చుకోండి.